పేరడీ – అధిక్షేపం : లక్ష్యభేద విచారణ

మన ప్రాచ్యకళాశాలలలో ఉదయపు తరగతిలో ధ్వన్యాలోకం బోధించే అధ్యాపకుడు 'వ్యంగ్యం' అన్న మాటను ఒక అర్థంలో వాడుతున్నాడు. వాచ్యార్థాన్ని దాటి సహృదయునికి స్ఫురించే అర్థం అది. మధ్యాహ్నం ఆధునిక సాహిత్యం బోధించే అధ్యాపకుడు అదే మాటను ఎత్తిపొడుపు రచన అన్న అర్థంలో వాడుతున్నాడు. 'వ్యంగ్య రచయిత', 'వ్యంగ్య వ్యాసం', 'వ్యంగ్య చిత్రం' అన్న ప్రయోగాలన్నీ ఈ రెండవ అర్థానికి చెందినవే. ఇద్దరి ఎదుటా కూర్చున్న విద్యార్థి మాత్రం ఒక్కడే. పరీక్షలో అతడు పేరడీని వ్యంగ్యమని, వ్యంగ్యాన్ని హాస్యమని, హాస్యాన్ని వెక్కిరింత అని వ్రాసినప్పుడు తప్పు పూర్తిగా అతనిదే అనటం న్యాయం కాదు. పరిభాషను మనమే కలగాపులగం చేసి అతని చేతికి ఇచ్చినాము.

ఈ విషయం వ్రాయవలెనని నాకు తోచటానికి ఒక సంఘటన కారణం. కొన్ని సంవత్సరాల క్రిందట ఒక కళాశాల వార్షికోత్సవానికి అతిథిగా వెళ్ళినాను. భాషాప్రవీణ చదువుతున్న ఒక విద్యార్థి ప్రబంధ ఫక్కిలో కొన్ని పద్యాలు చదివినాడు. వర్ణ్యవస్తువు వసతిగృహపు వంటశాల. చారులో పప్పుగింజ కోసం వెదకటం, నీళ్ళ కుళాయి వద్ద తెల్లవారుజామున బారులు తీరటం, ఇవన్నీ ఒక మహాప్రబంధంలోని పర్వత వర్ణన వలె పెద్ద సమాసాలతో సాగినవి. విద్యార్థులు నవ్వినారు. వసతిగృహ పర్యవేక్షకుడు అందరికంటె గట్టిగా నవ్వినాడు. అంతలో ఒక పెద్ద అధ్యాపకుడు లేచి, మహాకవిని అపహసించటానికి ఇది వేదిక కాదని కోపగించినారు. విద్యార్థి సభకు క్షమాపణ చెప్పుకొన్నాడు. ఆ పద్యాలు కళాశాల సంచికలో చేరలేదు. వేదికమీద ఉండికూడా నేను మాట్లాడలేదు. అప్పుడు చెప్పవలసినదాన్ని ఇప్పుడు ఈ వ్యాసరూపంలో చెబుతున్నాను.

పదాల పుట్టుక

పేరడీ గ్రీకు పదం. దానిలో 'పక్కన' అనీ 'ఎదురుగా' అనీ రెండు అర్థాలిచ్చే ఉపసర్గ ఒకటి, పాట అనే అర్థమిచ్చే మాట ఒకటి ఉన్నవి. ఒక పాట పక్కన, దానికి ఎదురుగా పాడే మరొక పాట అని స్థూలార్థం. అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రంలో థాసోస్ వాసి హెగెమోన్‌ను పేరడీలకు ఆద్యుడుగా పేర్కొన్నాడు. కనుక ఆ మాటలోనే మూలమొకటి ఉండి తీరవలెనన్న నియమం ఇమిడి ఉన్నది. పక్కన పాడటానికి ముందుగా ఒక పాట ఉండవలెను కదా.

సెటైర్ లాటిన్ పదం. పలురకాల పదార్థాలతో నిండిన పళ్ళెం అన్న అర్థంనుండి వచ్చినదని పండితుల నిర్ణయం. అడవి దేవతలైన సాటిర్లతో దానిని ముడిపెట్టటం తరువాతివారి పొరపాటు. ఈ ప్రక్రియ పూర్తిగా తమదే అని రోమన్ అలంకారికుడు క్వింటిలియన్ గర్వంగా చెప్పుకొన్నాడు. హొరేస్, జువెనల్ దానికి రెండు దారులు వేసినారు. మొదటివాడు చిరునవ్వుతో మందలిస్తాడు, రెండవవాడు కోపంతో కొరడా తీస్తాడు. ఈ పదంలో మూలరచన అన్న ఊసే లేదు. లోకపు రీతులు, మనుష్యుల దుర్గుణాలు దానికి సామగ్రి.

మన భాషలవైపు వస్తే చిక్కు ఎక్కువవుతుంది. సంస్కృతంలో 'విడంబనం' అంటే అనుకరణ, ఆ అనుకరణ ద్వారా చేసే పరిహాసం. మరాఠీవారు ఈ మాటను స్వీకరించి పేరడీకి 'విడంబన' అని స్థిరపరచుకొన్నారు. ఆచార్య అత్రే 'ఝెండూచీ ఫులే' వారికి ప్రసిద్ధ విడంబన కావ్యం. హిందీలో అదే మాట స్త్రీలింగమై విధివైపరీత్యం అన్న అర్థాన్ని పొందినది. ఇక 17వ శతాబ్ది నీలకంఠ దీక్షితులు 'కలివిడంబనం' అని పేరు పెట్టి ఒక చిన్న కావ్యం వ్రాసినారు. అందులో అనుకరణకు గురియైన కావ్యమేదీ లేదు. విద్య లేకుండానే వాదసభలలో గెలిచే పండితమ్మన్యులు, జ్యోతిష్కులు, వైద్యులు, మంత్రవాదులు, లుబ్ధులు, ధనవంతుల చుట్టూ తిరిగే కవులు ఉన్నారు. పేరులో విడంబనం ఉన్నా అది శుద్ధమైన అధిక్షేపం. కాబట్టి విడంబనమన్న మాటను తెలుగులో పేరడీకి పర్యాయంగా కళ్ళు మూసుకొని వాడితే దీక్షితుల కావ్యంవంటి ప్రసిద్ధ ఉదాహరణమే మనకు అడ్డు తగులుతుంది.

తెలుగులో అధిక్షేపమన్న మాట మాత్రం శతక విమర్శ పుణ్యమా అని నిలదొక్కుకొన్నది. భక్తి శతకాలు, నీతి శతకాలు, శృంగార శతకాలు, అధిక్షేప శతకాలు అన్న విభజన విద్యార్థులందరికీ తెలిసినదే. సెటైర్‌కు ఇంతకంటె తగిన మాట వెదకవలసిన పని లేదు.

లాక్షణికుల వెలుగులో

ఈ భేదాన్ని పాశ్చాత్యుల దగ్గర అరువు తెచ్చుకోవలసినదే అని కొందరి అభిప్రాయం. నాకు అట్లా తోచదు. పేరడీని వివరించటానికి పనికివచ్చే బీజం నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలోనే ఉన్నది. హాస్యం శృంగారంనుండి పుడుతుందని, శృంగారానుకృతియే హాస్యమని భరతుడు చెప్పినాడు. అభినవగుప్తుడు దీనిని విస్తరించి, అనుకృతి అన్నా ఆభాస అన్నా ఒకటే అని, అనౌచిత్యంవల్ల ఏ రసమైనా ఆభాసయై హాస్యానికి దారి తీయవచ్చునని ప్రతిపాదించినాడు. సీతపై రావణునికి కలిగిన రతి అందుకు ప్రసిద్ధోదాహరణం.

ఈ సూత్రాన్ని పాత్రలకే గాక రచనలకు అన్వయించి చూడండి. ఒక కవి శైలి గంభీరమైనది, దానికి తగిన వస్తువు మరొకటి. ఆ శైలిని యథాతథంగా తీసుకొని తగని వస్తువుమీద నిలిపితే అక్కడ అనౌచిత్యం ఏర్పడుతుంది. మూలరసం ఆభాసగా మారుతుంది. పాఠకుడు మూలాన్ని ఎరిగినవాడైతే ఒకేసారి రెండింటినీ చూస్తాడు, నవ్వుతాడు. పేరడీ పనిచేసే తీరు ఇదే. అనుకృతి, అనౌచిత్యం, ఆభాస అనే మూడు శాస్త్రీయ పదాలతో దీనిని సంపూర్ణంగా వివరింపవచ్చును.

అధిక్షేపానికి వేరొక అలంకారశాస్త్ర మార్గం ఉన్నది. నిందచేత స్తుతి, స్తుతిచేత నింద తోపించే వ్యాజస్తుతిని మమ్మటాదులు లక్షణీకరించినారు. స్తుతి రూపంలోని నింద అధిక్షేపకవికి ముఖ్యమైన ఆయుధం. కాని అది ఒక్కటే ఆయుధం కాదు. వేమనవలె ముఖాముఖిగా, ఏ వ్యాజమూ లేకుండా అడిగే కవీ అధిక్షేపకుడే. కాసుల పురుషోత్తమకవి 'ఆంధ్రనాయక శతకం'లో నిందా రూపంలో శ్రీకాకుళాంధ్ర దేవుని స్తుతించినాడు. అక్కడ ఉపకరణం అధిక్షేపానిది, ఫలం భక్తిది. అందువల్ల ఉపకరణాన్నిబట్టి జాతి నిర్ణయం చేయరాదు.

అయితే దేనినిబట్టి చేయవలెను? ఆలంబన విభావాన్నిబట్టి అని నా సమాధానం. పేరడీలో నవ్వుకు ఆలంబనం ఒక రచన, లేదా ఒక కవి శైలి, లేదా ఒక కావ్యజాతి. అధిక్షేపంలో ఆలంబనం లోకం: ఒక దురాచారం, ఒక వర్గపు కపటం, ఒక కాలపు అవివేకం. తిట్టుకవిత్వంలో ఆలంబనం ఒక వ్యక్తి. ఈ మూడింటిని వేరుచేసి చూడగలిగితే చాలా తగవులు తీరుతవి.

పేరడీ : జలసూత్రం మార్గం

తెలుగులో పేరడీ అనగానే స్మరింపవలసిన పేరు జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి (1914–1968). జరుక్ శాస్త్రిగా, పేరడీ శాస్త్రిగా ఆయన ప్రసిద్ధుడు. విశ్వనాథ, కృష్ణశాస్త్రి, శ్రీశ్రీ ఆయన చేతికి చిక్కినారు. ఈ ముగ్గురి పేర్లు చూసినప్పుడే ఒక సంగతి స్పష్టం. ఆయన ఎన్నుకొన్నవారు నాసిరకపు కవులు కారు, తమ తమ మార్గాలకు ప్రవర్తకులు. తనదంటూ ఒక నడక ఉన్న కవినే అనుకరింపవచ్చును. నడక లేనివానిని అనుకరించినా ఎవరూ పోల్చుకొనలేరు. అందుచేత పేరడీకి గురికావటం ఒక విధంగా కవి శైలి స్థిరపడినదన్నదానికి నిదర్శనం.

ఆయన తరువాత మాచిరాజు దేవీప్రసాద్ ఈ మార్గంలో పేరు గడించినారు. వీరి పేరడీలు చదివినవారికి మూలకవుల శిల్పరహస్యం విమర్శగ్రంథాలు చదివినదానికంటె త్వరగా బోధపడుతుంది. ఏ మాటలు ఆ కవికి ఊతపదాలు, ఏ చోట అతని లయ విరుగుతుంది, ఎక్కడ భావం కంటె శబ్దం ముందు నడుస్తుంది అన్నవి పేరడీకారుడు పట్టుకొని చూపుతాడు. ఇది ఒక రకమైన ప్రాయోగిక విమర్శ. ఛందస్సు, పదబంధం, వాక్యాల విరుపు తన గుప్పిట్లోకి రానిదే ఎవరూ పేరడీ వ్రాయలేరు. మూలకవిని పదేపదే చదివినవాడే ఆ పని చేయగలడు. ద్వేషంతో ఒక కవిని అంతగా చదవటం అరుదు.

పేరడీకి ఒక పెద్ద పరిమితి కూడా ఉన్నది. మూలం మరుగున పడితే అదీ మరుగున పడుతుంది. కృష్ణశాస్త్రిని చదవని తరానికి కృష్ణశాస్త్రి పేరడీ కేవలం ఒక వింత పద్యం. అది బ్రతకవలెనంటే మూలం బ్రతికి ఉండవలెను. వీర విహారగాథలను పరిహసించిన సెర్వాంటెస్ 'డాన్ కిహోటే' (1605, 1615) ఆ గాథలను మరచిన తరువాత కూడా నిలిచిందంటే అందులో పేరడీతోపాటు మానవ స్వభావ చిత్రణ ఉండటమే కారణం.

అధిక్షేపం : క్షేమేంద్రుడు మొదలు సాక్షి వరకు

అధిక్షేపానికి మన వాఙ్మయంలో దీర్ఘచరిత్ర ఉన్నది. 7వ శతాబ్దిలో పల్లవ మహేంద్రవర్మ రచించిన 'మత్తవిలాస ప్రహసనం'లో కాపాలికుడు పోగొట్టుకొన్న కపాలం కోసం బౌద్ధభిక్షువుమీద నింద మోపుతాడు. దానిని ఎత్తుకుపోయినది కుక్క. మధ్యవర్తిగా వచ్చిన పాశుపతుడూ అంతంత మాత్రపువాడే. కాంచీపుర వీథులలో ఆనాటి మతవేషధారులను రాజకవి ఈ విధంగా నిలబెట్టినాడు.

11వ శతాబ్ది కాశ్మీరంలో క్షేమేంద్రుడు 'దేశోపదేశం', 'నర్మమాల', 'కళావిలాసం' వ్రాసినాడు. లంచగొండి కాయస్థులు, లుబ్ధులు, కుట్టనులు, గౌడదేశంనుండి చదువుకోసం వచ్చి చదువు తప్ప అన్నీ నేర్చుకొన్న విద్యార్థులు ఆయన లక్ష్యాలు. 'ఔచిత్యవిచారచర్చ' వ్రాసిన లాక్షణికుడే ఈ అధిక్షేపాలు కూడా వ్రాసినాడన్నది ప్రాచ్యకళాశాలలవారు ప్రత్యేకంగా గమనింపదగిన విషయం. ఔచిత్యం తెలిసినవానికే అనౌచిత్యం కంటబడుతుంది. కావ్యంలోని అనౌచిత్యాన్ని శాస్త్రగ్రంథంలోను, లోకంలోని అనౌచిత్యాన్ని ఈ కావ్యాలలోను ఆయన విచారించినాడు.

తెలుగులో వేమన, కవి చౌడప్ప, కూచిమంచి తిమ్మకవి మొదలైనవారి శతకాలను దాటి ఆధునిక యుగానికి వస్తే గురజాడ 'కన్యాశుల్కం' (1897, మార్పులతో 1909), పానుగంటి 'సాక్షి' వ్యాసాలు శిఖరాలు. కన్యాశుల్కంలో నవ్వుకు గురియైనది ఒక గ్రంథం కాదు. ఆడపిల్లలను అమ్ముకొనే ఆచారం, ఇంగ్లీషు చదువును మాటకారితనానికి వాడుకొనే గిరీశం, వైదికపు ముసుగులోని లోభం. మూలగ్రంథమేదీ చదువకపోయినా ఆ నాటకం అర్థమవుతుంది. అయితే కాలం మారి దురాచారం సమసిపోతే అధిక్షేపానికి కూడా వాడి తగ్గవచ్చును. పేరడీకి మూలకావ్యం ఎట్లాగో అధిక్షేపానికి సమకాలిక లోకం అట్లాగు. గురజాడ రచన నేటికీ సజీవంగా ఉండటానికి కారణం శుల్కం పోయినా గిరీశం పోకపోవటమే.

మిశ్రమ రూపాలు

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. పేరడీ, అధిక్షేపం చాలా చోట్ల కలిసే ఉంటవి కదా, ఈ విభజన వల్ల ప్రయోజనమేమి అని విజ్ఞులు అడుగవచ్చును. కలిసి ఉండే మాట నిజం. 'మత్తవిలాసం'లో కాపాలికుడు కల్లు దుకాణాన్ని యజ్ఞవాటికతో పోల్చి, సాంగరూపకం చెబుతాడు. క్షేమేంద్రుడు 'నర్మమాల'కు మంగళాచరణం చేస్తూ కాయస్థునే పరమేశ్వరునిగా కీర్తిస్తాడు. గ్రంథారంభంలో ఇష్టదేవతను స్తుతించే సంప్రదాయాన్ని ఎరిగినవారికి ఆ చమత్కారం తగులుతుంది. రూపాన్ని చూస్తే ఇది మంగళశ్లోకానికి పేరడీ. కాని క్షేమేంద్రునికి మంగళశ్లోకాలమీద ఫిర్యాదేమీ లేదు. దేవుని స్థానంలో కూర్చున్న లేఖకాధికారిమీద ఉన్నది. కాబట్టి అక్కడ పేరడీ అంగం, అధిక్షేపం అంగి.

ముళ్ళపూడి వెంకటరమణ 'రాజకీయ బేతాళ పంచవింశతి' ఇట్టిదే. విక్రమార్కుడు, శవం, బేతాళుని ప్రశ్న అనే చట్రం మనందరికీ బాల్యంనుండి తెలిసినది. ఆ చట్రంలో ఆయన నాటి రాజకీయాలను బిగించినారు. బేతాళకథలు హాస్యాస్పదమైనవని నిరూపించటం ఆయన ఉద్దేశం కాదు. ఆయనవే 'గిరీశం లెక్చర్లు' చూడండి. గురజాడ పాత్ర గొంతును అరువు తెచ్చి సినిమాలోకాన్ని ఎత్తిపొడిచినారు. గురజాడపై అందులో గౌరవమే తప్ప మరొకటి లేదు. ఈ రచనలను పేరడీలని పేర్కొని ఊరుకొంటే ముళ్ళపూడి లక్ష్యమేమిటో మనం చెప్పనట్లే.

కందుకూరి వీరేశలింగం 'అభాగ్యోపాఖ్యానం' దీనికి మరొక వైపు. ప్రబంధపు మూసలోనే వ్రాసిన ఈ హాస్యకృతిలో ఆ మూసయే పరిహాసానికి గురి అవుతుంది. ఇక్కడ పేరడీయే అంగి.

అన్నింటికంటె క్లిష్టమైనది 18వ శతాబ్దిలో కూచిమంచి జగ్గకవి రచించిన 'చంద్రరేఖా విలాపం'. నీలాద్రిరాజు అనే ప్రభువు కోరికపై అతని వేశ్య చంద్రరేఖను నాయికగా చేసి జగ్గకవి 'చంద్రరేఖా విలాసం' వ్రాసినాడని, పిమ్మట అవమానానికి గురియై దానిని చించివేసి 'విలాపం' వ్రాసినాడని సంప్రదాయకథ. విలాసం విలాపంగా మారటంలోనే అతని పద్ధతి అంతా ఉన్నది. ప్రబంధానికి విధించిన అంగాలను, వర్ణనలను తీసుకొని తలక్రిందులు చేసినాడు. సాహిత్యచరిత్రలలో దీనిని బూతు ప్రబంధమని ఒక్క మాటతో తోసివేయటం అలవాటు. అశ్లీలం ఉన్నమాట నిజమే, దానిని సమర్థింపనక్కరలేదు. ఒక స్త్రీని ఆ విధంగా ఈడ్చటం నేటి పాఠకునికి బాధ కలిగించవలసినదే. కాని జాతి నిర్ణయం వేరు, గుణ నిర్ణయం వేరు. ఆలంబనం ఇద్దరు వ్యక్తులు కనుక అది ప్రధానంగా తిట్టుకవిత్వం. ఉపకరణం ప్రబంధ పేరడీ. అంతటితో ఆగక ఇంకొక ప్రశ్న వేయవచ్చును. డబ్బిచ్చిన ప్రభువు వేశ్యను దేవకన్యగా కీర్తించటానికి సిద్ధంగా ఉన్న ఒక ప్రక్రియ, ఆ కవికే కోపం వస్తే అవే సమాసాలతో ఆమెను పాతాళానికి తొక్కగలిగినదంటే, ఆ ప్రక్రియలోని కీర్తనకు విలువ ఎంత? జగ్గకవి ఈ ప్రశ్న వేయదలచినాడో లేదో గాని కావ్యం వేస్తున్నది. ఆ మేరకు అది క్షీణప్రబంధ యుగపు ఆశ్రయ సంస్కృతిమీద అధిక్షేపం కూడా. ఈ మూడు పొరలు విడదీయటానికి మనకు మూడు మాటలు కావలెను. అన్నింటికీ ఒకే మాట వాడితే బూతు అన్నదొక్కటే మిగులుతుంది.

కాబట్టి మిశ్రమం ఉన్నదన్నది విభజనకు బాధకం కాదు. రసాలు సంకీర్ణంగా ఉన్న కావ్యాలలో అంగాంగి నిర్ణయం చేయటం మనకు కొత్త పనా? ఆ నేర్పునే ఇక్కడ వినియోగింపవలెను. అందుకు మూడు పరీక్షలను సూచిస్తున్నాను. మొదటిది, మూలం తెలియని పాఠకునికి నవ్వు మిగులుతుందా? ఏమీ మిగలకపోతే అది పేరడీ. రెండవది, ఆ మూసకు బదులు వేరొక మూస వాడినా రచయిత ఉద్దేశం నెరవేరునా? ముళ్ళపూడి బేతాళునికి బదులు మరొక కథాచట్రం తీసుకోవచ్చును, జరుక్ శాస్త్రి శ్రీశ్రీకి బదులు మరొక కవిని తీసుకొని శ్రీశ్రీ పేరడీ వ్రాయలేడు. మూడవది, నవ్వు ముగిసిన తరువాత మనం దేనిని కొత్తగా చూస్తాము, గ్రంథాన్నా, లోకాన్నా?

న్యాయస్థానాలలో ఇదే ప్రశ్న

ఈ విచారణ తరగతి గదికి మాత్రమే పరిమితం కాదు. 1994లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకు ఒక పాట తగవు వచ్చినది. రాయ్ ఆర్బిసన్ పాడిన 1964 నాటి ప్రసిద్ధగీతానికి ఒక ర్యాప్ బృందం పేరడీ కట్టినది. పేరడీ తన మాట చెప్పటానికి మూలాన్ని అనుకరింపక తప్పదని, అధిక్షేపం తన కాళ్ళమీద తాను నిలువగలదు కనుక పరుల రచనను అరువు తెచ్చుకొంటే దానికి వేరుగా సమర్థన చూపవలెనని న్యాయమూర్తి సౌటర్ వివరించినాడు. 1997లో అక్కడి మరొక న్యాయస్థానం, పిల్లల పుస్తకాల రచయిత డాక్టర్ స్యూస్ శైలిలో ఒక హత్యకేసును పరిహసించిన పుస్తకాన్ని పేరడీగా అంగీకరించలేదు. ఆ పుస్తకం స్యూస్‌ను గురించి ఏమీ చెప్పటం లేదని, ఆయన శైలిని ఆకర్షణకోసం మాత్రమే వాడుకొన్నదని నిర్ణయించినది. మనం పైన చెప్పుకొన్న రెండవ పరీక్షకు, ఈ తీర్పులకు దగ్గర సంబంధమున్నది.

మన దేశపు కాపీరైటు చట్టం (1957) 52వ సెక్షను విమర్శ, సమీక్షల నిమిత్తం చేసే న్యాయమైన వినియోగాన్ని అనుమతిస్తుంది. పేరడీ అన్న మాట అందులో లేదు. 1996లో కేరళ హైకోర్టు ఎదుటికి ఇట్టి వివాదమే వచ్చినది. తోప్పిల్ భాసి వ్రాసిన 'నింగళెన్నె కమ్యూణిస్టాక్కి' (1952) నాటకానికి సివిక్ చంద్రన్ ప్రతినాటకం వ్రాసినాడు. మూలంలోని పాత్రలను, సంభాషణలను తీసుకొని, ఉద్యమంకోసం త్యాగం చేసిన అట్టడుగువారికి చివరకు దక్కినదేమిటని అడిగినాడు. మూలనాటకాన్ని విమర్శించటమే ప్రతినాటకపు ప్రయోజనమని భావించి హైకోర్టు దానికి అనుకూలంగా తీర్పు చెప్పినది. ఇక్కడ లక్ష్యం నాటకమా, నాటకం వెనుక ఉన్న రాజకీయపక్షమా? రెండూ అనవలెను. అయినా నాటకం కూడా లక్ష్యం కాబట్టే రక్షణ లభించినది.

మన చట్టం ప్రకారం రచయిత మరణించిన తరువాతి సంవత్సరం మొదలు 60 ఏళ్ళు హక్కులు ఉంటవి. 1976లో కీర్తిశేషులైన విశ్వనాథ, 1980లో కృష్ణశాస్త్రి, 1983లో శ్రీశ్రీ ఈ పరిధిలోనివారే. వారి రచనలకు వ్రాసే పేరడీ విమర్శ అవునా కాదా అని ఎవరైనా అడిగితే సమాధానం చెప్పవలసిన వారు సాహిత్యాధ్యాపకులే. ఇక ఎన్నికల కాలంలో సినిమా పాటల వరుసలలో పార్టీలు కట్టించే పాటలను మనం పేరడీ పాటలని పిలుస్తాము. సూక్ష్మంగా చూస్తే అవి పేరడీలు కావు. ఆ సినిమా పాటను గురించి వాటికి చెప్పవలసినదేమీ లేదు. వరుస వాహనం మాత్రమే.

కొన్ని ప్రతిపాదనలు

సహాధ్యాపకులకు, పరిశోధకులకు నేను సవినయంగా చేసే ప్రతిపాదనలు మూడు. వ్యంగ్యమన్న మాటను శాస్త్ర చర్చలలో ధ్వనికే ప్రత్యేకించి, సెటైర్ అన్న అర్థంలో అధిక్షేపాన్ని వాడుదము. పత్రికలలోని వాడుకను మనం మార్చలేము, మార్చనక్కరలేదు. సిద్ధాంతగ్రంథాలలో మాత్రం ఈ జాగ్రత్త అవసరం. పేరడీ అన్న మాట తెలుగులో స్థిరపడినది కనుక దానిని అట్లే ఉంచుదము. అనువాదం కోసం విడంబనాన్ని తెచ్చి నీలకంఠ దీక్షితులతో తగవు పెట్టుకోవలదు. మూడవది, హాస్యరచనలపై పరిశోధించేవారు హాస్యభేదాల పట్టికలు ఇచ్చి ఊరుకొనక ప్రతి రచనలోను ఆలంబనాన్ని నిర్ణయించి, అంగాంగి భావాన్ని చూపవలెను. స్మిత హసితాదులు నవ్వినవాని నవ్వును కొలుస్తవి. దేనిని చూచి నవ్వినాడన్న ప్రశ్నకు సమాధానం వేరుగా చెప్పవలసి ఉన్నది.

ఇప్పుడు ఆ విద్యార్థి పద్యాలను ఈ పరీక్షలకు నిలుపుదము. ఆ ప్రబంధం తెలియనివారు కూడా చారును గురించి నవ్వినారు. వేరొక కవి శైలిని వాడినా పని జరిగేది. నవ్వు ముగిసిన తరువాత అందరి దృష్టి వంటశాలవైపే పోయినది గాని మహాకవివైపు పోలేదు. కనుక అది ప్రబంధశైలిని ఉపకరణంగా గ్రహించిన అధిక్షేపం. దాని లక్ష్యం వసతిగృహ నిర్వహణ. కవికి అందులో అవమానం లేదు సరికదా, ఆ శైలిని అంత చక్కగా పట్టుకొన్న విద్యార్థి ఆ కవిని ఎంత శ్రద్ధగా చదివినాడో తెలుస్తున్నది. కోపగించవలసిన వారు ఎవరైనా ఉంటే అది పర్యవేక్షకుడు. ఆయన నవ్వి ఊరుకొన్నాడు. క్షమాపణ చెప్పినది విద్యార్థి. వంటశాలను గురించి ఎవరూ ఏమీ అడుగలేదు.

లక్ష్యాన్ని పోల్చుకొనలేని చదువు ఇట్టి ఫలితాలనే ఇస్తుంది. వినదగిన ఫిర్యాదు వినబడకుండా పోతుంది, నేరం లేని చోట శిక్ష పడుతుంది. ప్రాచీన గ్రంథాలను బోధించే మనకు పూర్వకవులపై గౌరవం ఉండవలసినదే. ఆ గౌరవం పదిలంగా ఉండటానికి కూడా ఏది వారిమీది నవ్వో, ఏది వారి గొంతుతో లోకంమీద నవ్విన నవ్వో తెలిసి ఉండవలెను. పెద్దలు ఈ అభిప్రాయాలను పరిశీలించి, దోషాలుంటే సవరింతురు గాక.